మా కారు ఎందుకు అరిచిందంటే

పరభాషా హీరోయిన్లకు తెలుగు పలకడం నేర్పడం నా పని. పొద్దున జూబ్లీ హిల్స్‌లో ఎవరింటికో, మధ్యాహ్నం ఏదో ఒక సెట్‌కి కారేసుకుని తిరుగుతుంటాను. ఫిల్మ్ నగర్‌లో మా అపార్ట్‌మెంటుకి సెల్లార్ లేదు, కారు వీధిలో ఎండలోనే ఉంటుంది. మే నెలలో సీటు మీద కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. అది చూడలేక మా ఆయన టోలిచౌకిలో ఒక షాపుకి తీసుకెళ్ళి కారుకి రిమోట్ స్టార్టర్ పెట్టించారు. బాల్కనీలోంచి బటన్ నొక్కితే ఇంజన్ స్టార్టయి, ఏసీ తిరిగి, నేను మెట్లు దిగేసరికి కారు చల్లగా ఉంటుందట.

మర్నాడు ఆయన ఆఫీసుకెళ్ళాక, నేను క్లాసుకి తయారై గొప్పగా బటన్ నొక్కాను. ఇంజన్ స్టార్టయింది. నేను మురిసిపోయేలోపే లైట్లు మిణుకుమిణుకుమంటూ వీధంతా అదిరేలా అలారం అందుకుంది. పరుగున దిగి తాళంచెవితో ఆపాను.

మా పక్కిల్లు ఒక చిన్న డబ్బింగ్ స్టూడియో. అక్కడి సౌండ్ ఇంజనీరు మెడలో హెడ్‌ఫోన్లతోనే బయటికొచ్చాడు.

"మేడమ్, లోపల హీరో తల్లి ప్రాణం పోతోందండీ. సరిగ్గా ఆఖరి మాట మీద పడింది మీ అలారం."

నవ్వాలో సారీ చెప్పాలో తెలియక రెండూ చేశాను. షాపుకి ఫోన్ చేస్తే, "ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. కొత్త మిషిన్ గదా, బండికి జర అలవాటు కావాలె" అన్నాడు. మా ఆయనేమో రిమోట్‌లో సెల్ మార్చి చూడమన్నారు. మార్చాను. అలారం ఇంకా హుషారుగా అరిచింది.

ఈసారి బయటికొచ్చిన ఇంజనీరు విసుక్కోలేదు. "ఒక్కసారి మళ్ళీ నొక్కండి, వింటాను" అని కళ్ళు మూసుకున్నాడు. నేనూ చెవి పెట్టాను. మా ఇద్దరి బతుకుదెరువూ చెవులే కదా!

"స్టార్టవగానే కాదండీ," అన్నాడతను. "ఏసీ అందుకుని బండి ఒక వణుకు వణికాక మొదలవుతోంది."

నాకు అలారానికి ముందు సన్నగా ఒక టకటక కూడా వినిపించింది. అది ముందువైపు నుంచే. బానెట్ ఎవరో ఎత్తుతున్నారని కారు అనుకుంటోందేమో! ముట్టుకుంటే బానెట్ ఎండకి కాలిపోతోంది. తువ్వాలు తెచ్చి పరిచి, రెండు చేతులతో, కాస్త పొట్టతో కూడా అదిమిపట్టి, అతన్ని బటన్ నొక్కమన్నాను. ఇంజన్ నడిచింది. ఏసీ తిరిగింది. అలారం లేదు.

అటుగా వెళ్తున్న ఆటో డ్రైవరు స్లో చేసి, "షూటింగా మేడమ్? కెమెరా ఏడ పెట్టిండ్రు?" అనడిగాడు. నవ్వొచ్చి చేతులు వదిలేశాను. వెంటనే కయ్యిమంది.

ఇంజన్ ఆపి బానెట్ ఎత్తి చూశాం. ఫ్రిజ్ తలుపు దగ్గర ఉండేలాంటి బుల్లి స్విచ్ ఒకటి, కొత్త వైర్లు లాగినప్పుడు పక్కకి ఒరిగిపోయింది. బానెట్ మూసినా దానికి సరిగ్గా ఆనడం లేదు. ఇంజనీరు స్క్రూడ్రైవర్ తెచ్చాడు. నేను నిటారుగా పట్టుకుంటే అతను బిగించాడు. బానెట్ మూసి బటన్ నొక్కాం. కారు బుద్ధిగా గుర్రుమంటూ నిలబడింది. ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం.

అంతలో స్టూడియో గుమ్మంలోకి ఒక పెద్దావిడ వచ్చింది. ఆ హీరో తల్లికి గొంతు ఇస్తున్నది ఆవిడే.

"అయిందా అమ్మాయ్? ఇక నన్ను ప్రశాంతంగా చావనిస్తారా?"

నేను నోరు తెరిచేలోపే పకపకా నవ్వి, నన్నూ లోపలికి లాక్కెళ్ళింది. ఒక్క టేకులో చచ్చిపోయింది మహాతల్లి. నాకు నిజంగానే కళ్ళు తడిశాయి. ఆవిడ మాత్రం మంచినీళ్ళు తాగి, చెంగు దులుపుకుని, "ఎటు వెళ్తున్నావు? షేక్‌పేట వైపైతే నన్ను దింపెయ్యి" అంది.

చల్లటి కారులో కూర్చుని దారి పొడుగునా తన పాత చావులన్నీ వినిపించింది: క్షయతో ఒకటి, పిడుగుపడి ఒకటి, కోడలి మాటకి గుండె ఆగి ఒకటి. పిడుగు చావు దగ్గర నవ్వాపుకోలేక నేను బండి పక్కకి తీసి ఆపాల్సి వచ్చింది.