చుక్క ఆగిన చోటల్లా

పోయిన నెల మా చెల్లెలు నన్ను హైదరాబాదు పొలిమేరల్లో ఉన్న ఒక గుర్రపు స్వారీ కేంద్రానికి లాక్కుపోయింది. అరవై దాటిన అక్కకి అది పుట్టినరోజు కానుకట. అక్కడ నా తలకి టోపీ పెట్టారు, కాళ్లకి బూట్లు తొడిగారు, కింద పడితే మాకేం సంబంధం లేదని రాసి ఉన్న కాగితం మీద సంతకం చేయించుకున్నారు. అంతా అయ్యాక శిక్షకుడు ఒక ఎర్ర గుర్రాన్ని తెచ్చి నిలబెట్టి, "భయపడకండి మేడమ్, ఎవరు ఎదురొచ్చినా ఇది ఆగదు, తల తిప్పి చూడదు. దాని దారిన అది పోతుంది" అని గొప్పగా చెప్పాడు. నాకు నవ్వాగలేదు. నాకు తెలిసిన ఒకే ఒక్క గుర్రం ఎదురొచ్చిన ప్రతి మనిషి దగ్గరా ఆగేది మరి. దాని పేరు చుక్క.

చుక్క మా మామగారి ఆడగుర్రం. తేనె రంగు ఒళ్లు, నుదుటి మీద అర్ధరూపాయంత తెల్ల మచ్చ. మామగారు పడుచుతనంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి కల్లూరు దగ్గర పొలం కొనుక్కుని స్థిరపడ్డారు. వానాకాలంలో ఆ నల్లరేగడి దారిలోకి దిగితే సైకిలు సంగతి దేవుడెరుగు, కాలి చెప్పు కూడా మనతో తిరిగి రాదు. అందుకని ఆయన గుర్రం కొనుక్కున్నారు. పదకొండేళ్లు దాని మీదే పొలానికి వెళ్లారు. తర్వాత మోకాళ్లు అరిగిపోయాయి. ఖమ్మంలో డాక్టరు, ఇక గుర్రం ఎక్కితే మళ్లీ నడవలేవని గట్టిగా చెప్పాడు. ఎక్కని గుర్రం ఇంట్లో ఎందుకని అత్తయ్యగారు ఖమ్మంలో పెళ్లి ఊరేగింపులకి గుర్రాలు నడిపే ఒకాయనకి కబురు పెట్టారు. మామగారు రెండు పూటలు అన్నం మానేశారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. మేముండే మణుగూరులో ఒక సాయిబుగారి గుర్రాల సాల ఉంది. చుక్కని అక్కడ నెల రోజులు ఉంచి చూడాలి. అక్కడ స్వారీకి వచ్చేవాళ్లతో కుదురుగా మసలుకుంటే అక్కడే ఉంటుంది. లేకపోతే ఊరేగింపులకి పోవాల్సిందే.

అది ఎనభైల మధ్యకాలం. మా ఆయనకి బొగ్గు గనిలో ఉద్యోగం. నాకు పెళ్లయి ఏడాది. పుట్టి పెరిగింది ఖమ్మం పట్నం నడిబొడ్డున. మణుగూరులో మా గని కాలనీలో వరసగా క్వార్టర్లు, వాటి వెనక కంచె, కంచె వెనక అడవి, అడవిలో ఒక చిన్న గూడెం. ఆయన ఒక వారం పగటి షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. నేనేమో నోట్లో నాలుక లేని మనిషిని. ఏడాదైనా పక్క క్వార్టరు ఆవిడ పేరు అడగలేదు. గూడెం ఆడవాళ్లు విస్తరాకులు, తేనె తెస్తే కిటికీలోంచే తీసుకుని రెక్క మూసేసేదాన్ని. దిగులుగా ఉండేది, కానీ ఆ దిగులు సంగతి చెప్పడానికైనా ఎవరితోనో ఒకరితో మాట్లాడాలి కదా, అక్కడే వచ్చింది చిక్కు.

సాయిబుగారు ఒకప్పుడు కొత్తగూడెం రైల్వేస్టేషన్ ముందు జట్కా తోలినవాడు. ఆటోలొచ్చాక తన రెండు గుర్రాలతో కాలనీ చివరికి చేరి, పెంకుల సాల వేసుకుని, ఇంకెవరివో రెండు మూడు గుర్రాల్ని కూడా కిరాయికి పెట్టుకుని మేపేవాడు. ఆదివారాలు కాలనీ జనం వచ్చి, సాల నుంచి అడవిదారిన వాగు దాకా వెళ్లి వచ్చేవాళ్లు. ఆయనకొక నియమం ఉంది. ఎక్కబోయేవాళ్లు ముందు నానబెట్టిన శనగలు అరచేతిలో పెట్టి గుర్రానికి తినిపించాలి. తింటే ఎక్కవచ్చు. తినకపోతే, "దానికి మీరు నచ్చలే సార్, వచ్చే ఆదివారం రాండ్రి" అని పంపేసేవాడు. ఘుమఘుమలాడే తలనూనె రాసుకొచ్చే ఒక హెడ్ క్లర్కు ఇలా మూడు ఆదివారాలు తిరిగి, నాలుగో ఆదివారం తలస్నానం చేసి వచ్చి గెలిచాడు. మరీ భారీ మనుషులొస్తే సాయిబుగారు ఒకసారి మనిషిని, ఒకసారి గుర్రాన్ని చూసి, "నడుద్దాం సార్, పానానికి మంచిది" అనేవాడు. ఆ మాత్రం తప్ప ఆయన మనుషులతో మాట్లాడటం నేను వినలేదు. ఆయన కబుర్లన్నీ గుర్రాలతోనే.

చుక్క గడ్డి లారీలో వచ్చి దిగింది. మామగారు కూడా వచ్చారు. దాని ముందు గడ్డి వేయించి, అది తల వంచి తింటూ ఉండగా చప్పుడు కాకుండా వెనక్కి వెనక్కి నడిచి బస్సెక్కేశారు. శనగల పరీక్షలో చుక్కకి ఎవరితోనూ పేచీ లేదు. ఎవరు పెట్టినా తినేది, ఎవరెక్కినా ఊరుకునేది, బుద్ధిగా అడవిదారి పట్టేది. దారిలో మొదటి మనిషి ఎదురయ్యేదాకా అంతా బాగానే ఉండేది. కట్టెలమోపుతో ఎవరైనా వచ్చారా, అక్కడ ఆగిపోయేది. మడమలతో పొడిచినా, కళ్లెం లాగినా, బతిమాలినా కదిలేది కాదు. గుర్రాన్ని కొట్టడం సాయిబుగారి ఒంట్లో లేదు. కాలనీ బ్యాంకు మేనేజరుగారు ఇప్పపువ్వు ఏరుకుంటున్న ఒక ముసలమ్మకి ఎదురుగా ముప్పావుగంట గుర్రం మీద కూర్చున్నారు. ఆవిడ ఆయన్ని చూడటం, ఆయన ఆవిడని చూడటం, మధ్యలో చుక్క చెవులాడించడం. ఆఖరికి దిగి, మండుటెండలో నడిచొచ్చి, అది గుర్రం కాదు, గుంజ అని అందరికీ చెప్పుకున్నారు. మూడో వారానికి చుక్కనెక్కేవాళ్లు లేకపోయారు. సంగతి కల్లూరు చేరింది. ఖమ్మం ఆయన ఆదివారం వచ్చి తోలుకుపోతాడని అత్తయ్యగారి దగ్గర్నుంచి కార్డు ముక్క వచ్చింది. ఆ కార్డు అడుగున, చోటు లేని చోట, మామగారి వంకర అక్షరాలు: "ఒకసారి వెళ్లి చూడమ్మాయ్."

శనివారం ఉదయం వెళ్లాను. అలా ఒక్కదాన్నే గడప దాటడం నాకు అదే మొదటిసారి. సాయిబుగారు చుక్క జూలు దువ్వుతున్నాడు. నన్ను చూసి, "మీ మామ దీన్నెట్ల తోలేటోడు బిడ్డా? నాకు సమజైతలే" అన్నాడు. నేనేం చెప్పను? కొత్తకోడలిగా ఉన్న నెల రోజుల్లో వీధి అరుగు మీంచి చూసిందే నాకు తెలుసు. మైలున్నర దూరంలో ఉన్న పొలానికి ఏడింటికి బయల్దేరి పదింటికి చేరేవారు మామగారు. "మీ మామగారు పొలానికి వెళ్లరమ్మా, ఓట్లడగడానికి వెళ్తారు" అని అత్తయ్యగారు దెప్పేవారు. మా వాకిలి ముందే మూడుసార్లు ఆగేవారు. "ఏవోయ్, అమ్మకి జ్వరం తగ్గిందా? గేదె ఈనిందా? దూడ ఏం దూడ?" అంతా విని, ఆఖర్న "సరే, వస్తా మరి" అనేవారు. అనగానే గుర్రం కదిలేది. ఆ మాట గుర్తొచ్చేసరికి నా నోరు తెరుచుకుపోయింది. పదకొండేళ్లు గుర్రానికి ఆయన నేర్పిన విద్య అదొక్కటే. మనిషి కనపడితే ఆగాలి, కబురు పూర్తయితే కదలాలి.

సాయిబుగారికి చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అయితే ఎక్కు బిడ్డా. మాట్లాడుడు నాతోని కాదు" అన్నాడు. నాతో మాత్రం అవుతుందా? అయినా శనగలు తినిపించాను. చీర గోచీలాగా దోపుకుని, బల్ల మీంచి గుర్రం మీదికి ఎక్కాను. సాయిబుగారు పక్కన నడుస్తున్నాడు. కంచె దాటాం. ఇప్పచెట్ల దగ్గర ఆ ముసలమ్మే, మేనేజరుగారు చూసిన ముసలమ్మే, పువ్వు ఎండబోస్తూ కనిపించింది. చుక్క ఆగింది. నేను, "బాగున్నారా, వస్తా మరి" అని ఒక్క ఊపిరిలో గొణిగాను. చుక్క కదల్లేదు. నా గొణుగుడు దానికి వినపడలేదో, మొక్కుబడికి అన్నానని తెలిసిపోయిందో, ఇప్పటికీ నాకు అనుమానమే.

ముసలమ్మే ముందు నోరు విప్పింది. "దిగరాదా బిడ్డా, ఎండల కూసున్నవ్."

"దిగడం రాదవ్వా" అన్నాను. నిజంగానే రాదు. ఆవిడ పళ్లు లేని నోరు తెరిచి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నామంటే, పెద్దగా ఏమీ లేదు. నాకు పిల్లలున్నారా అని అడిగింది. రాత్రి మబ్బు పట్టి ఇయ్యాల పువ్వు తక్కువ రాలిందని చెప్పింది. ఎండిన పువ్వు వేయించి తింటారంటే నేను ఆశ్చర్యపోయాను. "మీ కాలనోళ్లు గుర్రాల మీద పోతరు, వస్తరు. ఒక్కలు పలకరియ్యరు. మమ్ముల గూడ చెట్లే అనుకుంటరేమో" అంది. ఆ మాటకి సిగ్గుతో తల దించుకున్నాను. కిటికీ రెక్క మూసుకున్న చేతులు నావే కదా. ఆవిడ పేరడిగాను, కూతురు పేరడిగాను, వచ్చేవారం విస్తరాకులు తెస్తే లోపలికి రమ్మన్నాను. అప్పుడు, "వస్తా మరి అవ్వా" అన్నాను. చుక్క చెవులు నిక్కించి, చక్కగా అడుగు వేసింది. "అరె, గిదా దీని తాళంచెవి!" అని సాయిబుగారు తొడ చరుచుకున్నాడు. వాగు చేరేలోపు ఇంకో ఆరుగురి దగ్గర ఆగాం. ఏడాదంతా మాట్లాడని మాటలు ఆ ఒక్క పూటలో మాట్లాడేశాను.

మర్నాడు ఖమ్మం ఆయన వచ్చాడు. సాయిబుగారు ఆయనకి చాయ్ తాగించి, "ఇది పెండ్లిళ్లకు పనికిరాదు భాయ్. ఊరేగింపుల అందర్నీ పలకరిస్తది. ముహూర్తం దాటిపోతది" అని సాగనంపాడు. ఆ రోజు నుంచి సాలలో రెండో నియమం వచ్చింది. చుక్కనెక్కేవాళ్లకి నోరుండాలి. మొదట్లో జనం తమాషాకి ఎక్కారు, తర్వాత అలవాటుపడ్డారు. బ్యాంకు మేనేజరుగారు పంతం కొద్దీ మళ్లీ ఎక్కి, ఆ ముసలమ్మతో గంటసేపు మాట్లాడి, దోసెడు ఇప్పపువ్వు రుమాల్లో మూట కట్టుకుని వచ్చారు. ఎండలు ముదిరేసరికి గూడెంలో ఎవరింట్లో ఎవరున్నారో కాలనీకి తెలిసింది. పక్క క్వార్టరు ఆవిడ పేరు కూడా నాకు తెలిసిపోయింది. ఆవిడా నాలాగే ఏడాదిగా దిగులు పడుతోందట.

తొలకరి ముందు మామగారు వచ్చారు. చుక్క ఆయన్ని దూరం నుంచే చూసి సకిలించింది. ఆయన ఎక్కలేదు. సాల గుమ్మం దగ్గర దాని మెడ మీద చెయ్యేసి, ఊళ్లో సంగతులన్నీ పేరుపేరునా చెప్పారు. ఎవరి గేదె ఈనిందో, ఎవరి అరుగు కూలిందో, అన్నీ. అది కదలకుండా విన్నది. బస్సు వేళయింది. నేను గుర్తు చేశాను. ఆయన చేయి తీసి, చెప్పాల్సిన ఆ ఒక్క మాట చెప్పకుండానే రోడ్డు వైపు నడిచారు. "అనలేదేం మామయ్యగారూ?" అంటే, తల తిప్పకుండా, "అంటే వెళ్లిపోద్దమ్మాయ్" అన్నారు. ఆయన్ని బస్సెక్కించి వచ్చేసరికి చుక్క అదే చోట, రోడ్డు వైపే చూస్తూ నిలబడి ఉంది. సాయిబుగారు పిలిచినా రాలేదు. పొద్దు వాలేదాకా చూసి, నేనే వెళ్లి మెడ మీద చెయ్యేసి, ఆయన బదులు "వస్తా మరి" అన్నాను. అప్పుడు తల దించుకుని లోపలికి వెళ్లింది.

మామగారూ, చుక్కా ఇప్పుడు లేరు, సాయిబుగారూ లేడు. మొన్న స్వారీ కేంద్రంలో ఆ ఎర్ర గుర్రం చెప్పినట్టే ఎక్కడా ఆగలేదు. గేటు దగ్గర గడ్డి కోస్తున్న ఒకావిడ నన్ను చూసి నవ్వింది, నేను నోరు తెరిచేలోపు దాటేశాం. కాలం నన్ను మోసుకొచ్చింది ఇలాంటి గుర్రం మీదేనని, ఎందరి దగ్గరో "వస్తా మరి" అనకుండానే ఇంత దూరం వచ్చేశానని అప్పుడు అనిపించింది.