పచ్చబడ్డ ముత్యాలు

షాద్‌నగర్‌లో జన్నత్ బీ బతుకంతా ముత్యాలు ఏరడం, గుచ్చడం. చార్మినార్ దగ్గర దుకాణమున్న లియాఖత్ అలీ జపాన్ ముత్యాలు తెప్పించి, బెజ్జాలు వేయించి, సంచుల్లో కట్టి ఆమెకు పంపేవాడు. అవి వాటంతటవే పుట్టినవి కావనీ, ఆల్చిప్ప నోరు తెరిచి లోపల చిన్న గుండు పెట్టి, ఏళ్ల తరబడి నీళ్లలో వేలాడదీసి పెంచినవనీ ఆయనే ఒకసారి చెప్పాడు.

"పాపం, ఎంత నొస్తదో దానికి" అన్నది జన్నత్ బీ.

పొద్దున్నే వాకిట్లో తెల్లగుడ్డ పరిచి కూర్చునేది. ముందు గుండ్రటివి, కోలవి వేరు చేసేది. మచ్చలున్నవి తీసేసేది. తర్వాత ఆబ్ చూసేది, అంటే ముత్యం లోపలి నుంచి వచ్చే మెరుపు. అన్నిటికన్నా చివర రంగు. రంగు అచ్చంగా కలిసినవే సత్లడకు పనికొచ్చేవి. అది ఏడు వరుసల పెళ్లి హారం. మిగిలినవి మెడకు పట్టేసినట్టుండే గులూబంద్‌కో, చెవుల చాంద్‌బాలీలకో పోయేవి.

1987 ఎండాకాలంలో వచ్చిన సరుకు ఆమెకు పసుపుపచ్చగా కనిపించింది. లియాఖత్ సేఠ్‌ను ఎవరో మోసం చేశారనుకుంది. తర్వాతి సంచీ కూడా అంతే. ఒకరోజు ఉతికి ఆరేసిన తెల్ల దుప్పటి కూడా పచ్చగా కనిపించేసరికి, లోపం తన కళ్లదేనని ఆమెకు తెలిసింది. తల్లి ఖాతూన్ గుర్తొచ్చింది. చూపు పోయాక ఆమె గోడ పట్టుకుని తిరిగేది, ఎవరో పెడితే తినేది. జన్నత్ బీ ఈ మాట లారీ మీద తిరిగే భర్త పీర్ మహమ్మద్‌కు కూడా చెప్పలేదు.

పెళ్లి సత్లడ ఒకటి గుచ్చి పంపిన కొన్నాళ్లకు లియాఖత్ అలీ స్వయంగా వచ్చాడు. హారం గుడ్డ మీద పరిచాడు.

"గిదేంది జన్నత్ బీ? తెల్లయి, మీగడరంగుయి కలిపి గుచ్చినవ్. పెండ్లోళ్లు దుకాణంల అందరి ముందర నా మొకాన కొట్టిండ్రు."

జన్నత్ బీ వంగి చూసింది. అన్నీ ఒక్క రంగులోనే ఉన్నాయి. ఎంత చూసినా తేడా కనిపించలేదు.

"జల్దిల జేసిన సేఠ్, తప్పయింది. మల్ల గుచ్చిస్త" అన్నది.

ఆయన హారం వదిలి వెళ్లిపోయాడు. ఆమె దారాలు తెంపి ముత్యాలన్నీ గుడ్డ మీద పోసుకుంది గానీ, ఒక్కటి కూడా ఏరలేకపోయింది. ఏడుస్తూ కూర్చుంది. పక్కింటి గోపమ్మ మేకలు తోలుకొచ్చి ఆమె ఏడుపు చూసింది.

"ఏమైందక్కా?"

"గిండ్ల తెల్లయి ఏవో జర చెప్పు గోపమ్మా."

గోపమ్మ విచిత్రంగా చూసి, రెండు ముత్యాలు తీసింది. "గిది పాల లెక్కున్నది, గిది మీగడ లెక్కున్నది. నీకు కనిపిస్తలేవా?"

"నేను గుడ్డిదాన్నైతున్న" అన్నది జన్నత్ బీ. ఆ మాట పైకి అనేసరికి భయం ఇంకా పెరిగింది.

ఆ హారం గోపమ్మ కళ్లతోనే పూర్తయింది. తర్వాత గోపమ్మ ఆమెను బలవంతంగా మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకెళ్లింది. రెండు కళ్లలోనూ శుక్లమనీ, ముందు ఒక కంట్లోది కోసి తీయాలనీ డాక్టర్ అన్నాడు. ఆపరేషన్‌లో కన్ను పోయినవాళ్ల కథలు ఆమె బజార్లో చాలా విన్నది. బల్ల మీద పడుకోబెట్టినప్పుడు అల్లాను తలుచుకుంటూ కలిమా చదువుతూ నాలుక తడబడి మధ్యలో మరిచిపోయింది.

కట్టు విప్పి, దళసరి అద్దాలు పెట్టాక నర్సు బట్టలు నీలంగా కనిపించాయి. కొంగున కట్టుకొచ్చిన నాలుగు ముత్యాలు తీసి చూసింది. అవీ నీలమే.

"అయ్యో, నా కన్ను చెడగొట్టిండ్రు!" అని కేక పెట్టింది.

డాక్టర్ పరుగున వచ్చాడు. "భయపడకమ్మా. నీ కంట్లో ముదిరిన పొర పసుపు రంగుది. ఇన్నాళ్లూ దానిగుండానే చూశావు. ఇప్పుడు కనిపించేదే తెలుపు. అలవాటు లేక నీలమనిపిస్తోంది, కొన్నాళ్లకు సర్దుకుంటుంది" అన్నాడు.

ఆమె ఆపరేషన్ అయిన కన్ను మూసి, రెండో కంటితో చూసింది. ముత్యాలు పచ్చగా ఉన్నాయి. మళ్లీ మార్చి చూసింది. నమ్మడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చాక లియాఖత్ అలీకి కబురు పెట్టి అంతా చెప్పింది. ఆయన కోపం దాచుకోలేదు.

"గప్పుడే చెప్తే గా హారం ఇంకొకలకు ఇద్దును. నువ్ భయపడి నా ఇజ్జత్ గూడ తీస్తివి."

"పని బంద్ జేస్తవని దాచిన సేఠ్."

ఆయన పని మానిపించలేదు. కానీ చాలాకాలం చిన్న ముత్యాలే పంపాడు. సత్లడ మళ్లీ ఆమె చేతికొచ్చేసరికి చైనా నుంచి బియ్యపుగింజల్లాంటి మంచినీటి ముత్యాలు బస్తాలుగా దిగుతున్నాయి. కాలేజీ పిల్లలు కూడా వేసుకుంటున్నారు.

1994లో రెండో కంటి ఆపరేషన్‌కు బయలుదేరినప్పుడు బస్సులో గోపమ్మ చెయ్యి వదల్లేదు.

"పోయినసారి మంచిగనే అయింది గదక్కా, ఇంకేం ఫికర్?" అన్నది గోపమ్మ.

"గది ఆ కంటి సంగతి. గీ కన్ను వేరే గదనే" అన్నది జన్నత్ బీ.

ఆ కన్నూ బాగానే అయింది. తర్వాత ఎన్నో పెళ్లిళ్లకు ఆమె సత్లడలు గుచ్చింది. అయినా ఒక్క హారం కూడా గోపమ్మకు చూపించకుండా షాద్‌నగర్ దాటనివ్వలేదు.