అంగి, తొవ్వ, కందిలి

యాభై ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మింగుడుపడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పడం తేలిక. క్షమించమని మాత్రం అడగను.

డెబ్భైల మొదట్లో పటాన్‌చెరు దగ్గర ఒక బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. టెంపరరీ ఉద్యోగం. ఏడో తరగతికి ఇంగ్లీషు ఉపవాచకంగా ఒక పాత పిల్లల నవల వచ్చింది. చలిదేశం, తల్లిలేని పిల్ల, ముసలి గుర్రం, ఎడతెగని మంచు. మా పిల్లలు మంచు ఎక్కడ చూశారు? సోడా దుకాణం నుంచి రంపపు పొట్టులో చుట్టిన ఐసుగడ్డ తెచ్చి ఒక్కొక్కరి అరచేతిలో పెట్టాను. "గిట్లాంటిది ఊరంత పరుసుకుంటె ఎట్లుంటదో సూడుండ్రి" అన్నాను.

తర్వాత మాటల అర్థాలు. గైడులో ఉన్న తెలుగుకే మళ్ళీ అర్థం చెప్పాల్సి వచ్చేది. 'అశ్వశాల' అంటే నోళ్ళు తెరిచేవాళ్ళు. 'గుర్రాల కొట్టం' అంటే చాలు, ముఖాలు వెలిగేవి. అందుకే గైడు పక్కన పడేసి నేనే రాయించాను. చొక్కాకు అంగి, దారికి తొవ్వ, లాంతరుకు కందిలి. అది తప్పా? కాదు. ఇప్పటికీ కాదనే అంటాను. ఆ మాటలతోనే వాళ్ళు నవల చదివారు. గుర్రం చచ్చిపోయిన పేజీ దగ్గర తరగతి తరగతంతా ఏడ్చింది. గైడు ఎవరినైనా ఏడిపించిందా?

అందరికన్నా బాగా చదివింది బాలమణి, రైతు కూతురు. హైదరాబాదులో ఒక హాస్టలు సీటుకు పిల్లను ఎంచడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన అధికారి ఒకాయన వచ్చారు. నన్ను పర్మనెంటు చేసే సంతకమూ ఆయనదే. ఆ నవల కథను బాలమణి తెలుగులో రాసిన కాగితం చూసి ముఖం చిట్లించారు.

"అంగి ఏమిటి, తొవ్వ ఏమిటి? ఇదేం తెలుగమ్మా? ఎవరు నేర్పారు?"

బాలమణి నా వైపు చూసింది.

"నేను చెప్పలేదండీ. ఇంట్లో మాట్లాడుకునేదే రాసినట్టుంది" అన్నాను. ఎంత శుభ్రమైన పుస్తకాల తెలుగులో అన్నానో!

బయటికొచ్చాక ఆ పిల్ల మెల్లగా అడిగింది. "మీరే రాయిపిచ్చిన్రు గద టీచరమ్మా?"

"ఊకో. ఎవరన్న వింటరు."

అంతే. సీటు వేరే పిల్లకు పోయింది. మరుసటి ఏడు బాలమణి బడి మానేసి, కొత్తగా పెట్టిన కర్మాగారంలో ప్యాకింగ్ పనికి వెళ్ళింది. నాకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది.

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందన్న భయమేనా? లేక, నోటితో ఎంత గొప్పగా చెప్పినా, మా ఇంటి మాటలు తక్కువవని నాలోనే ఎక్కడో నమ్మకం ఉండి, ఆయన ముఖం చిట్లించగానే అది బయటపడిందా? ఈ రెండో ప్రశ్నే నన్ను ఎక్కువ కాల్చింది.

ఆ తర్వాత ఏటా అవే మాటలు రాయించాను. ఎవరడిగినా నేనే రాయించానన్నాను. దాన్ని ధైర్యమని చెప్పుకోను. అప్పటికి పోయేదేమీ లేదు. కానీ ఆ అధికారి ఈరోజు ఎదురుపడితే, అంగి తెలుగు కాదని నా ముందు అనమంటాను.

బాలమణి మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఎక్కడుందో కూడా తెలియదు. ఆ పిల్ల తప్పేమీ రాయలేదు. రాయించింది నేను, కాదన్నదీ నేనే. ఈ ఒక్క ముక్క కాగితం మీద పెట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది. పెట్టాను. చేయి కొంచెం తేలికపడింది.