బట్టల తీగ మీద పదివేలు

అన్నోజిగూడలో మా రెండెకరాలను పదహారేళ్లు కౌలుకు చేసిన రైతు మొన్న మంగళవారం కన్నుమూశాడు. ఆయన భార్య ఫోన్ చేసి, "పంతులమ్మా, చాయ్ తాగి కూసున్న మనిషి గట్లనే ఒరిగిండు" అంది. ఫోన్ పెట్టేసి కరోనా ఏడాది లెక్కల పుస్తకం తీశాను. ఆయన పదివేల పద్దు అందులో ఉంది. గుండె కుదుటపడింది.

ఆయనకు చదువు రాదు. ఉప్పల్ హోటళ్లకు ఆకుకూరలు వేసి, తిరిగి వెళ్తూ నాచారంలో మా ఇంటి ముందు మోపెడ్ ఆపేవాడు. కౌలు డబ్బు ఇచ్చినప్పుడల్లా నేను రాసిన పద్దు పైకి చదివించుకునేవాడు. "నా చెవుల బడాలె పంతులమ్మా. కాయితం మీద ఏమున్నదో నాకేం దెలుస్తది?" ఆయన తల ఊపితేనే పుస్తకం మూసేదాన్ని.

లాక్‌డౌన్‌లో హోటళ్లు మూతపడ్డాయి. కొనేవాళ్లు లేక పాలకూర మడులన్నీ దున్నేశాడు. అదే నెలలో ప్రభుత్వం రైతులకు వేసిన సాయం, పదివేలు, నా ఖాతాలో పడింది. భూమి పాసుపుస్తకం నా పేరు మీద ఉంది కనుక నియమం ప్రకారం నాదే. జమ వైపు రాసుకున్నాను.

తొమ్మిదో రోజు ఆయన వచ్చి, గేటు అవతలే నిలబడి గోంగూర కట్ట గోడ మీద పెట్టాడు.

"మళ్లీ ఏం వేస్తున్నావయ్యా?" అన్నాను.

"ఏమేస్త పంతులమ్మా? ఇత్తనాలకే పైసల్లెవ్. ఈపాలి భూమి ఇడిసిపెడ్త. ఏరేటోళ్లను సూసుకోన్రి."

సాయం పడిన సంగతి ఊరందరికీ తెలుసు. ఆయన ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన వెళ్లాక పుస్తకం తెరిచాను. నష్టం ఒకరిది, జమ ఇంకొకరిది. అలాంటి లెక్క మా బడిలో పిల్లవాడు చేసి ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని.

మర్నాడు బ్యాంకు నుంచి ఆ పదివేలు తెచ్చి, వైరస్ భయానికి నోట్లను సబ్బు నీళ్లలో ముంచి, క్లిప్పులు పెట్టి బట్టల తీగ మీద ఆరేశాను. కబురు పెడితే ఆయన వచ్చి చూసి పకపకా నవ్వాడు.

"నోట్లకు తానం బోసిన్రా! జర సాంబ్రాణి గూడ ఏయకపోయిన్రా?"

"నవ్వింది చాలు. మాస్కు ముక్కు మీదికి లాగు" అని, పద్దు చదివాను. "కౌలు రైతుకు దానం, పదివేలు."

ఆయన తల ఊపలేదు.

"దానమేంది పంతులమ్మా? పంట ఏసెటోనికని సర్కారు ఇచ్చింది. ఏసింది నేను. నా పైసలు నాకిస్తున్నరు. గట్లనే రాయున్రి."

నా పుస్తకాల్లో కొట్టివేతలు ఉండవు. ఆ రోజు కొట్టేశాను. "ఆయన సొమ్ము ఆయనకు ముట్టింది" అని రాసి చదివాను. అప్పుడు తల ఊపాడు. ఇంకా తడి ఆరని నోట్లను ఒక నీలం క్లిప్పుతో కట్టగా పట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ వానాకాలం మా భూమిలోనే కొత్తిమీర వేశాడు.

క్లిప్పు మాత్రం తిరిగి రాలేదు. డజనులో ఒకటి తక్కువ. అడిగితే, "ఒక్క కిలిప్పుకు గింత పంచాయితా? రేపు దెస్త" అనేవాడు. ఎన్నేళ్లైనా అదే మాట.

ఆయనది ఏదీ నా దగ్గర ఉండిపోలేదు. ఆ రోజు ఆయన నా చేత కొట్టేయించకపోతే, ఈ వయసులో నాకు ఈ నిమ్మళం ఉండేది కాదు.

నిన్న అన్నోజిగూడ వెళ్లాను. వాళ్ల వసారాలో, వచ్చే పంటకు ఆయన దాచిన ధనియాల సంచి గోడకు ఆనించి ఉంది. చెమ్మ తగలకుండా మూతి మడిచి, నీలం క్లిప్పు పెట్టి ఉంది. నా చూపు అటు పోవడం చూసి ఆయన భార్య చెయ్యి చాచింది.

"గిది మీదేనట గద పంతులమ్మా. తీసియ్యాల్నా?"

"విత్తనం చల్లేదాకా ఉండనీ" అన్నాను.