తెల్ల గుర్రానికి పసుపు

“అమ్మమ్మా, వాట్ డిడ్ యూ డూ? వాడు వైట్. రేపే షో.”

“రేపు షో గనకే పూశా. మంచిపనికి పోయేవాడు బోసి మొహంతో పోతాడా?”

“వాడు క్లీన్‌గా ఉన్నాడా లేదా జడ్జి చూస్తాడు. దానికి మార్క్స్ ఉంటాయి.”

“పసుపు మురికా ఏంది? నీ మొహానికీ పూసే పెంచాం.”

“నేను గుర్రాన్ని కాదు.”

“గుర్రానివైతే ఈపాటికి మాట వినేదానివి.”

మా ఇద్దరి మధ్యా తెల్ల పోనీ, అదే పొట్టిజాతి గుర్రం, నిలబడి ఉంది. దాని నొసట అరచేయంత పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. పన్నెండేళ్ల నా మనవరాలి చేతిలో తడి స్పాంజి, నా చేతిలో పసుపు గిన్నె. కరోనా వచ్చిన రెండో ఎండాకాలం అది. ఎండాకాలమని ఇక్కడివాళ్లు అంటారు గానీ నేను స్వెట్టరు విప్పలేదు.

మూడు నెలలుండి పోదామని ఈ పరాయి దేశంలో కూతురి దగ్గరకు వచ్చినదాన్ని, విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకున్నాను. కూతురు ఆసుపత్రిలో డాక్టరు. డ్యూటీ నుంచి వస్తే నేరుగా మేడ మీద గదిలోకే పోయేది. పిల్లకు బడి లేదు. ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటి పోకూడదన్నారు. ఆ హద్దులోపలే, క్లోనీ అనే ఊరు దాటాక, ఒక గుర్రాల కొట్టం ఉంది. రోజూ నడిచి వెళ్లి కంచె బయట నిలబడి చూసేవాళ్లం. కొట్టం నడిపే గుర్రాలావిడకు డెబ్బై దాటాయి. పనివాళ్లు రావడం మానేశారు. ఒకరోజు ఆవిడ నడుము పట్టుకుని నిలబడిపోతే నేను లోపలికి వెళ్లి పార అందుకుని లద్దె ఎత్తాను. అలా మొదలైంది.

మా నాన్న తెనాలిలో జట్కా తోలేవాడు. మూడో తరగతిలో నన్ను బడి మాన్పించి గుర్రానికి గడ్డి కోయడానికి పంపాడు. ఆ కోపం నాకు చాలా ఏళ్లు ఉండేది. అయితే ఆయన ఉలవలు ఉడికించి గుర్రానికి పెట్టనిదే తను మెతుకు ముట్టేవాడు కాదు. నోరులేనిదాన్ని దేవుడు మన చేతికి అప్పగించాడు, దానికి చేసేది కూడా పూజే అనేవాడు. అప్పట్లో ఆ మాట నాకు తలకెక్కలేదు. గుడి లేని ఈ చోట, లద్దె వాసన మధ్య, ఏడు పదుల వయసులో ఎక్కింది. దేవుడు నన్ను ఇక్కడ ఆపింది ఇందుకేనని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

గుర్రాలావిడకూ దేవుడంటే నాలాగే నమ్మకం. చర్చిలు మూసేస్తే రేడియోను కొట్టంలోకి తెచ్చుకుని ప్రార్థన వినేది. అది అయ్యాకే పని. ఆవిడ మాట నాకు సగం తెలియదు, నా మాట ఆవిడకు అసలే తెలియదు. పనికి అదేమీ అడ్డం రాలేదు.

ఈ తెల్లదాన్ని ఎవరో కొట్టి పాడుచేశారు. చెవుల దగ్గరకు చెయ్యి పోతే ముందుకాళ్లెత్తి లేచేది. కళ్లెం తల మీదుగా తొడగడం కుదరక, తోలుపట్టీలన్నీ విప్పి చుట్టూ తెచ్చి కట్టేవాళ్లం. షోలో జడ్జి దగ్గరకొచ్చి తల మీద చెయ్యి వేస్తాడట. చెయ్యి వేయనివ్వని గుర్రంతో ఇంకో చలికాలం గడపలేనని గుర్రాలావిడ తేల్చి చెప్పింది. షోలో నిలబడితే ఉంటుంది, లేదంటే అమ్మేస్తుంది. కొనేవాడు ఎల్లుండి వస్తానన్నాడు కూడా. పిల్ల రెండు రోజులుగా సరిగా తినలేదు.

పది నెలలు దాన్ని మేమిద్దరమే మచ్చిక చేశాం. పిల్లకు ముద్దులూ క్యారెట్లూ ఎక్కువ. నేను ఒక క్యారెట్టును ఎనిమిది ముక్కలు కోసి, చెప్పిన పని చేస్తేనే ముక్క పెట్టేదాన్ని. పాత నేతచీర చింపి రోజూ ఒకే వేళకు మాలీసు చేశాను. దేవుడి నామాలు పైకి అనుకుంటూ మెడ దగ్గర మొదలుపెట్టి, కొన్ని నెలలకు దవడ దాకా, తరవాత నొసటి దాకా వచ్చాను. చెవుల జోలికి పోలేదు.

ఇక పసుపు సంగతి. కొత్త కళ్లెం కట్టినా, కొత్త దారిన బండి తోలినా మా నాన్న ముందురోజే గుర్రం నొసట పసుపు కుంకాలు పెట్టేవాడు. నేనూ అదే చేశాను. మా నాన్న గుర్రం నల్లది. నల్ల వంటి మీద పసుపు మర్నాటికి కనపడదు. ఇది తెల్లదన్న ఆలోచన, నీళ్లలో తడిపి మెత్తగా పూసేదాకా నాకు రానే లేదు.

పిల్ల స్పాంజితో రుద్దింది. కుంకుమ కారింది గానీ పసుపు పోలేదు. పరుగెత్తి సబ్బు తెచ్చింది. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని, బట్టలుతికిన ప్రతి ఆడదానిలాగే నాకూ తెలుసు. పంతం కొద్దీ నోరు విప్పలేదు.

“అమ్మమ్మా, ఎర్రగా అయిపోతోంది. ఎందుకు?”

“సబ్బు పెట్టావు గనక.”

“నీకు తెలుసా? తెలిసీ చెప్పలేదా?”

“నువ్వు వినే స్థితిలో ఉన్నావా?”

పిల్ల ఏడుస్తూ ఇంకా గట్టిగా రుద్దింది. చేసిన పనికి సిగ్గేసి, నేనూ చీరముక్క తడిపి రెండోవైపు నుంచి తుడవసాగాను. ఇంతలో గుమ్మంలోంచి గుర్రాలావిడ మెల్లగా ఏదో అంది. పిల్ల చెయ్యి ఆగిపోయింది.

“ఏమంటోందే?”

“మన చేతులు ఎక్కడున్నాయో చూస్కోమంటోంది.”

చూసుకున్నాను. జారకుండా ఉండేందుకు నా ఎడమచెయ్యి దాని చెవిని పట్టుకుని ఉంది. పిల్ల మోచెయ్యి రెండో చెవి మీద ఆని ఉంది. ఆ గుర్రమేమో కింది పెదవి వేలాడేసి, కునుకు తీస్తున్నట్టు నిలబడి ఉంది. మా గొడవలో ఇద్దరం గమనించలేదు.

గుర్రాలావిడ కళ్లెం తెచ్చి, పట్టీలు విప్పకుండా తల మీదుగా తొడిగింది. గుర్రం ఒకసారి చెవులు వెనక్కి పెట్టి మళ్లీ నిలబెట్టుకుంది, అంతే. తరవాత ఆవిడ జేబులోంచి చర్చిలో దీవించి ఇచ్చిన నీళ్ల సీసా తీసి దాని మీద నాలుగు చుక్కలు చల్లింది.

“నువ్వు కూడానా?” అంది పిల్ల.

“అవును, నేను కూడా. నా నీళ్లకు మరకలు పడవు కదా,” అందావిడ. నా వైపు చూసి కన్ను కొట్టింది.

మర్నాడు పొద్దున పోనీతో ఒక్కరినే లోపలికి రానిచ్చారు. గుర్రాలావిడ, నేను కంచె బయట ఆరడుగుల ఎడంలో నిలబడ్డాం. పిల్ల తనే కళ్లెం తొడిగి లోపలికి నడిపించింది. మాస్కు కట్టుకున్న జడ్జి ఎర్ర మరక మీద వేలు పెట్టి ఏదో అడిగాడు, పిల్ల ఏదో చెప్పింది. ఆయన రెండు చెవులూ తడిమాడు. గుర్రం కదల్లేదు. శుభ్రతకు మార్కులు పోయాయి. ఆరు గుర్రాల్లో నాలుగో స్థానం వచ్చింది. గుర్రాలావిడ అక్కడే ఫోను తీసి, కొనేవాణ్ణి రావద్దని చెప్పింది.