ఫెయిర్ ఎనఫ్ అన్నాను, ఆవు పోయింది

ఇంగ్లీషు నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందని నాకు చెప్పనివాళ్లు లేరు. ఆవు పోతుందని మాత్రం ఒక్కడూ చెప్పలేదు! చెప్పి ఉంటే మదనపల్లెలో ఆ క్లాసు మెట్లు ఎక్కేవాణ్నే కాదు. ఇప్పటికీ బస్సు ఆ వీధిలోంచి పోతుంటే మొహం అటు తిప్పుకుంటాను. చదివి మీరే చెప్పండి, నా కోపంలో తప్పుందేమో.

డిగ్రీ అయిపోయిన ఏడాది అది. మాది పుంగనూరు పక్క పల్లె. రోజూ మదనపల్లెకు పోయి స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునేవాణ్ని. అక్కడి సారు రోజుకు పది మాటలు రాయించేవాడు. అబ్సల్యూట్లీ, నో వర్రీస్, సౌండ్స్ గుడ్, ఫెయిర్ ఎనఫ్, ఇట్లాంటివి. "ఎదుటివాడు ఏం చెప్పినా నోరు మూసుకుని నిలబడొద్దు. అర్థమైనా కాకపోయినా ఒక మాట తగిలించు. మౌనంగా ఉండేవాడికి ఎవడిస్తాడు ఉద్యోగం?" అని ఆయన బోధ. నెల రోజులు ఎక్కడున్నా ఇదే సాధన చేయాలట. చేశాను, ఆ మహానుభావుణ్ని నమ్మి! కండక్టరు "చిల్లర లేదప్పా" అంటే "నో వర్రీస్". మా అమ్మ "ఈ పొద్దు గూడా సంగటే" అంటే "సౌండ్స్ గుడ్". జ్వరమేమోనని అమ్మ నా నుదురు పట్టి చూసేది.

సరిగ్గా ఆ నెలలోనే నాన్నకు మోకాలు వాచింది. కోడెదూడను సంతకు తోలుకుపోయే పని నా నెత్తిన పడింది. తల్లి వెంట లేనిదే ఆ దూడ అడుగు వేయదు. అందుకని అమ్మ ఆవును కూడా విప్పి నా చేతికిచ్చింది. దాని పేరు గౌరి. పుంగనూరు పొట్టి జాతి, నా నడుమంత ఎత్తు. మా ఇంట్లో లెక్క ప్రకారం అమ్మకు అది మొదటి సంతానం, నేను రెండో సంతానం.

"దూడను ఒక్కదాన్నే అమ్మల్ల. గౌరి తోడుకు వస్తాండాది, అంతే. ఇన్యావా?" అంది అమ్మ.

"అబ్సల్యూట్లీ!" అన్నాను.

మా సంతలో ధర పైకి చెప్పరు. చేతుల మీద టవలు కప్పి, లోపల వేళ్లు నొక్కి చెబుతారు. నాన్న నొక్కడం చూశానే గానీ ఏ వేలికి ఎంతో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ. డిగ్రీ చదివినవాణ్ని కదా!

దళారి ఖాదర్ భాయ్, కుప్పం పాల వ్యాపారి మునెప్పను వెంటబెట్టుకుని వచ్చాడు. మునెప్ప దూడ వంక చూడనైనా లేదు.

"ఆవు బాగుండాదప్పా" అన్నాడు.

"అబ్సల్యూట్లీ!"

"తన్నదు గదా?"

"నో వర్రీస్!"

"ఇంగ బేరం సూద్దామా తమ్ముడూ?" అన్నాడు ఖాదర్ భాయ్.

"సౌండ్స్ గుడ్!"

దూడ బేరమే అనుకున్నాను, నా తెలివి తగలెయ్య! భాయ్ టవలు కప్పాడు. వేళ్లు నొక్కి నా కళ్లలోకి చూశాడు. చుట్టూ పదిమంది మూగారు. మౌనంగా ఉండేవాడికి ఎవడిస్తాడు ఉద్యోగం?

"ఫెయిర్ ఎనఫ్!" అన్నాను, సంతంతా వినబడేలా.

"అంటే ఏమి భాయ్?" అన్నాడు మునెప్ప.

"ఒప్పుకుంటాండాడు" అని భాయ్ టవలు లాగేశాడు. బయానా నా జేబులో పడింది, మిగతా డబ్బు వచ్చే సంతకట. గౌరి పలుపు మునెప్ప చేతికి పోయింది.

"అయ్యో, ఆవు కాదు భాయ్, దూడ!"

"సంతలో మాటంటే మాటే తమ్ముడూ. అందరూ ఇన్యారు."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఇంగ్లీషుదైంది, మా కొట్టం ఖాళీ అయింది. తల్లి లేక దూడ కదలనంది. దాన్ని ఆటోలో ఎక్కించి, మెడ పట్టుకుని కూర్చున్నాను. దారిపొడుగునా అది అంబా అంటూనే ఉంది. దానికి మాత్రం నేను ఏ మాటా తగిలించలేదు.

"గౌరి యాడరా?" అంది అమ్మ వాకిట్లోనే.

చెప్పాను. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. గుంజకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. ఆ సారు మీద నాకు అసలు కోపం అప్పుడు వచ్చింది. నా మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది.

మర్నాడు బయానా కొంగున కట్టుకుని అమ్మ కుప్పం బస్సెక్కింది. వెనక నేను. మునెప్ప దొడ్లో గౌరి మేత ముట్టకుండా నిలబడి ఉంది. పాలు పిండబోయిన ఇద్దర్ని అప్పటికే తన్నిందట. అమ్మను చూడగానే పలుపు తెంపుకునేంత పని చేసింది.

"నీ కొడుకు మాటిచ్చినాడు గదమ్మా" అన్నాడు మునెప్ప.

"ఏ బాసలో ఇచ్చినాడు?"

"ఇంగ్లీసులో."

"నీకు ఇంగ్లీసు వస్తాదా?"

"రాదమ్మా."

"నాకూ రాదు. ఆవుకు వస్తాదా?"

మునెప్ప గౌరి వంక చూశాడు.

"కొనేవోనికి రాదు, ఆవు గలామెకు రాదు, ఆవుకు రాదు. ఇంగ అది బేరం ఎట్లయితాదప్పా? మావోడు ఏందో వాగినాడు, అంతే." అమ్మ కొంగు ముడి విప్పి బయానా అరుగు మీద పెట్టింది.

మునెప్ప ముట్టని మేతను చూశాడు. తన్నులు తిన్న ఇద్దర్నీ చూశాడు. పలుపు విప్పి అమ్మ చేతికిచ్చాడు. తర్వాత నా వైపు తిరిగి, ఎంతో గంభీరంగా అన్నాడు:

"ఫెయిర్ ఎనఫ్!"

నెల రోజులు గొంతు చించుకున్నా నాకు రాని సందర్భశుద్ధి, ఒక్కసారి విన్న ఆయనకు వచ్చింది! కాబట్టి గౌరి కొమ్ముల సాక్షిగా, ఖాదర్ భాయ్ టవలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కనుచూపు మేరలో నాలుగు కాళ్ల జీవి ఉన్నంతసేపూ ఈ నోట ఇంగ్లీషు రాదు. కోడి కనబడినా, రెండు కాళ్లదే కదా అని తెగించను.