మెట్ల మీద ఋణసంఖ్యలు

మా పెద్దమేడమ్ పోయారన్న కబురు సోమవారం ఉదయం, బడిలో ప్రార్థన మొదలవబోతుండగా వచ్చింది. ఎలమంచిలిలో రైలుకి బయలుదేరుతూ, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూనే కూలిపోయారట. గుండెపోటు. ఆవిడ పీరియడ్లు ఎవరు తీసుకుంటారని హెడ్మాస్టరు అడిగితే అందరూ నా వైపు చూశారు. కూర్మన్నపాలెం దగ్గరి మా బడిలో లెక్కలు చెప్పేది మేమిద్దరమే.

ఆవిడ మంచితనం గురించి చాలామంది చెప్తారు. నేను చెప్పవలసింది ఇంకొకటి ఉంది.

రోజూ రైల్లో పిల్లల నోట్సులు దిద్దుకుంటూ వచ్చేవారు, ఆకుపచ్చ పెన్నుతో. ఎర్ర పెన్ను ఎందుకు వాడరని ఓసారి అడిగాను. "ఎర్రగా కనబడితే పిల్లలు లెక్క సూడరు బాబూ, దెబ్బే సూస్తారు" అన్నారు.

లెక్కల టీచర్ల కోసం ఒక విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో పీజీ కోర్సు పెట్టిందని ఆవిడకు చెప్పింది నేనే. నేను ప్రమోషన్ కోసం చేరాను. ఆవిడ రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. ఎందుకు చేరుతున్నారంటే, "ముప్పై ఏళ్ళుగా సెప్పిందే సెప్తన్నాను. పాఠం అరిగిపోయిందో, నానే అరిగిపోయానో తెలవాలి కదా" అన్నారు. ఆదివారం క్లాసులకి వంటింట్లో కందిపప్పు డబ్బాకి ఫోను ఆనించి కూర్చునేవారు. మైకు ఆపడం మరిచిపోతే ఆవిడ కుక్కరు కూత దేశమంతటి టీచర్లకీ వినబడేది.

ఆ కోర్సులో ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. మీ తరగతిలో ఒక విద్యార్థికి వచ్చిన చిక్కు, దాన్ని మీరు తీర్చిన విధానం రాయమన్నారు. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందని ఎన్నో ఏళ్ళ కిందట ఒక అమ్మాయి అడిగిన సంగతి మేడమ్ రాశారు. "నాకు జవాబు తెలియక, ఎదురు ప్రశ్న వేసిందని ఆమెను బయట నిలబెట్టాను. ఆమె మళ్ళీ ఏదీ అడగలేదు" అని ముగించారు. పరిష్కారం లేదని సగం మార్కులే వేశారు.

నేనూ అదే చిక్కు తీసుకున్నాను. పిల్లల్ని బడి మెట్ల దగ్గరికి తీసుకెళ్ళానని, కిందివైపు ముఖం పెట్టి వెనక్కి అడుగులు వేయించానని రాశాను. ముఖం కిందికి, అడుగు వెనక్కి. రెండూ మైనస్సులే, అయినా మనిషి పైకి చేరతాడు. ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడొకడు అది చూసి చప్పట్లు కొట్టాడని కూడా రాశాను. ఇవేవీ జరగలేదు. గడువు ముగిసే ముందు కూర్చుని అల్లాను. పూర్తి మార్కులు వచ్చాయి. ప్రొఫెసరు దాన్ని క్లాసులో చదివి వినిపించారు.

మర్నాడు మేడమ్ నా బల్ల దగ్గరికి వచ్చారు.

"మన బడి మెట్ల మీదే సేసావా బాబూ? నాకు తెలవనే లేదు."

"అవునండి" అన్నాను.

ఆ వారమే ఆవిడ ఏడో తరగతిని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళారు. నేను స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి చూశాను. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, పిట్టగోడ పట్టుకుని వెనక్కి వెనక్కి ఎక్కుతున్నారు. పిల్లలు నవ్వారు, ఒకరి మీద ఒకరు పడ్డారు. హెడ్మాస్టరు వచ్చి అందరినీ లోపలికి పొమ్మన్నారు.

సాయంత్రం కాగితం, ఆకుపచ్చ పెన్ను పట్టుకుని నా దగ్గర కూర్చున్నారు. "పిల్లలు ఎక్కడం మీదే ఉండిపోతన్నారు, లెక్క మీదకి రాటం లేదు. నీ పిల్లలు ఎలా వచ్చారు? నాను ఏటి తప్పు సేసానో సెప్పు."

తప్పు మీది కాదండీ అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. "రెండు మూడుసార్లు చేయిస్తే అదే వస్తుందండి" అన్నాను. ఆ మాట కూడా రాసుకున్నారు.

ఆ తర్వాత ఏం చేశారో నేను పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే, తప్పించుకు తిరిగాను.

ఆవిడ పోయిన మర్నాడు ఏడో తరగతికి వెళ్ళాను. ఏమి చెప్పాలో తోచక, మైనస్ రెండుని మైనస్ మూడుతో గుణించమన్నాను. ఒక పిల్ల లేచి వచ్చి వరండాలో నేల మీద సుద్దతో నిచ్చెనలా గళ్ళు గీసింది. సున్నా గడిలో నిలబడి, మైనస్ వైపు తిరిగి, రెండేసి గళ్ళ చొప్పున మూడుసార్లు వెనక్కి నడిచింది. ఆరు అంది. తరగతిలో అందరికీ అది వచ్చు. మెట్ల మీద పడిపోతారని మేడమ్ నేల మీదకి మార్చారట.

"ఇది మీ మెథడేనని మేడమ్ సెప్పారు సార్" అంది ఆ పిల్ల.

నాది కాదని చెప్పాను. నేనెప్పుడూ ఏ పిల్లలచేతా చేయించలేదని, మార్కుల కోసం అబద్ధం రాశానని, దాన్ని నిజం చేసింది మేడమేనని చెప్పాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మేడమ్‌కి తెలుసా సార్?"

"తెలియదు."

"మరి సెప్పలేదేటి సార్?"

గంట కొట్టారు. మిగతా పిల్లలు పుస్తకాలు సర్దుకోసాగారు. ఆ పిల్ల మాత్రం చేతిలో సుద్దముక్కతో, ఆరో గడిలో అలాగే నిలబడి నా వైపు చూస్తోంది.